విద్యార్థి బృందంగా షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా: కథ నుంచి ఫైనల్ కాపీ వరకు

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే విద్యార్థులు ఎక్కువగా అడిగే మొదటి ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నది. నిజానికి ఆ ప్రశ్న ఎనిమిదో తొమ్మిదో స్థానంలో రావాలి. విద్యార్థుల చిత్రాల్లో చాలావాటిని చెడగొట్టేది బొమ్మ కాదు. వినబడని మాటలు, చేతికందని లొకేషన్ చుట్టూ అల్లిన కథ, షూటింగ్ రోజున రాని మనిషి అనే మూడు కారణాలే వాటిని దెబ్బతీస్తాయి. ఈ మూడింటినీ ముందుగానే అరికట్టవచ్చు కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఏర్పాట్లకే కేటాయించాను.

ఉదాహరణకు ఒక కథ అనుకుందాం. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గదిలో నరేశ్, ఇమ్రాన్ అనే ఇద్దరు స్నేహితులు ఉంటారు. క్యాంపస్ సెలెక్షన్లలో ఇమ్రాన్‌కు ఉద్యోగం వచ్చింది, నరేశ్‌కు రాలేదు. రాత్రి నరేశ్ అమ్మ ఫోన్ చేస్తుంది. నిడివి ఆరు నిమిషాలు, షూటింగ్ రెండు రోజులు, బృందంలో ఆరుగురు. ప్రతి దశనూ ఈ కథతోనే చూద్దాం.

## 1. బృందం, బాధ్యతలు, ఒక పేజీ ఒప్పందం

దర్శకుడు, కెమెరా, సౌండ్, ప్రొడక్షన్ (ఏర్పాట్లు, ఖర్చు), కంటిన్యుటీ (దుస్తులు, వస్తువులు షాటుకూ షాటుకూ ఒకేలా ఉన్నాయో చూడటం), ఎడిటింగ్ అనే ఆరు బాధ్యతలకు ఆరుగురు చాలు. మనుషులు తక్కువైతే కంటిన్యుటీ, ఎడిటింగ్ ఒకరికే ఇవ్వండి. ఏ టేక్ బాగుందో సెట్లో రాసుకున్నవారికి ఎడిటింగ్ టేబుల్ దగ్గర పని సులువవుతుంది. సౌండ్ మాత్రం ఇంకో పనితో కలపకండి. "మైకు ఎవరో ఒకరు పట్టుకుంటార్లే" అనుకున్న చిత్రం మాట వినగానే తెలిసిపోతుంది.

స్నేహితుల మధ్య కాగితం ఎందుకని అనిపించినా ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. చిత్రం పూర్తయ్యాక వచ్చే తగాదాలన్నీ ఇందులో ముందే తేలిపోతాయి.

- టైటిల్స్‌లో ఎవరి పేరు ఏ హోదాతో పడుతుంది
- ఖర్చు ఎవరు ఎంత పెడతారు, బహుమతి డబ్బు వస్తే ఎలా పంచుకుంటారు
- చిత్రాన్ని ఎవరి ఛానెల్‌లో పెడతారు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది
- అభిప్రాయ భేదం వస్తే చివరి మాట ఎవరిది (సెట్లో దర్శకుడిది, డబ్బు విషయంలో ప్రొడక్షన్ చూసేవారిది అనుకోవడం మేలు)

## 2. చేతిలో ఉన్నవాటితో కథ

కథ రాయకముందే ఒక జాబితా తయారు చేయండి. అడిగితే కాదనకుండా దొరికే స్థలాలు, నటించగల మనుషులు, వాడుకోగల వస్తువులు, వాహనాలు అన్నీ అందులో ఉండాలి. ఆ జాబితాలోంచే కథ పుట్టాలి. పోలీస్ స్టేషన్, ఆసుపత్రి ఐసీయూ, వర్షంలో హైవే అని రాసి తరువాత వాటి కోసం తిరగడం మొదలుపెట్టిన బృందాలు సెమిస్టర్ మొత్తం తిరుగుతూనే ఉంటాయి.

మొదటి చిత్రానికి కొన్ని హద్దులు పెట్టుకోండి. లొకేషన్లు రెండుకు మించకూడదు, మాట్లాడే పాత్రలు మూడుకు మించకూడదు, కథ ఒక రాత్రిలోనో ఒక పూటలోనో ముగియాలి. చిన్న పిల్లలు, జంతువులు, పెద్ద గుంపులు, ఫైట్లు వద్దు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి తెల్ల రంగు పూసి తాతగా చూపించడం అసలే వద్దు. పెద్ద వయసు పాత్ర తప్పదనుకుంటే ఇంట్లోనో వీధిలోనో ఉన్న పెద్దవారినే అడగండి, లేదా మన కథలో అమ్మలాగా ఫోనులో గొంతుగా మాత్రమే ఉంచండి.

కథను రెండు వాక్యాల్లో చెప్పి చూడండి. ఎవరికి ఏం కావాలి, దానికి ఏం అడ్డు వస్తోంది అన్నవి ఆ రెండు వాక్యాల్లో లేకపోతే చేతిలో ఉన్నది సందర్భమే, కథ ఇంకా కాలేదు. "నరేశ్ ఓటమిని అమ్మకు చెప్పకుండా దాటవేయాలనుకుంటాడు, గది మొత్తం సంబరంగా ఉన్నందువల్ల అది కుదరదు" అన్నది కథ అవుతుంది.

## 3. స్క్రిప్టు: కెమెరాకు కనబడేదే రాయండి

తెలుగులోనూ ఒక పేజీకి సుమారు ఒక నిమిషం అన్న లెక్క పనికొస్తుంది. అయితే మాటలు ఎక్కువున్న పేజీ త్వరగా అయిపోతుంది, మౌనం ఎక్కువున్న పేజీ సాగుతుంది. అందుకే స్టాప్‌వాచ్ పెట్టుకుని, పాత్రల కదలికలతో సహా గట్టిగా చదివి నిడివి చూసుకోండి.

"తన జీవితం వృథా అయిపోయిందని నరేశ్ బాధపడుతున్నాడు" అని రాస్తే కెమెరామన్ దేన్ని తీయాలి? అదే విషయాన్ని ఇలా రాయవచ్చు.

> సీన్ 3 – హాస్టల్ గది – లోపల – రాత్రి
> నరేశ్ మంచం అంచున కూర్చుని ఉంటాడు. నేల మీద ఛార్జింగ్‌లో ఉన్న ఫోను మోగుతుంది. తెర మీద "అమ్మ". ఇమ్రాన్ చేతిలోని స్వీట్ బాక్సు మూత మూసి, దిండు వెనక్కి తోస్తాడు.
> ఇమ్రాన్: ఎత్తురా.
> నరేశ్: ఏమని చెప్పాలె?

స్వీట్ బాక్సు దాచడంలో ఇమ్రాన్ మొహమాటం, నరేశ్ బాధ రెండూ తెలిసిపోయాయి. మాటల్లో వాటి గురించి ఒక్క ముక్క కూడా లేదు.

యాస విషయంలో ఒక సూచన. పాత్ర యాసను ముందే నిర్ణయించి నటుణ్ని దానికి వంచడం కంటే, నటుడు ఇంట్లో మాట్లాడే యాసకే సంభాషణ మార్చుకోవడం మంచిది. గోదావరి కుర్రాడి చేత వరంగల్ మాట పలికిస్తే వరంగల్ ప్రేక్షకుడు రెండో వాక్యానికే పట్టేస్తాడు.

మూడో ప్రతి తరువాత స్క్రిప్టుకు తాళం వేయండి. ఆపైన మార్పు కావాలంటే తేదీ వేసి కొత్త ప్రతి పంపాలి, పాతది అందరి ఫోన్లలోంచీ తీసేయించాలి.

## 4. బ్రేక్‌డౌన్, రెక్కీ

ప్రతి సీనుకు ఒక కాగితం తీసుకుని పాత్రలు, దుస్తులు, వస్తువులు, శబ్దాలు, వెలుతురు అని విడదీసి రాయండి. మూడో సీనుకు ఒకేలాంటి స్వీట్ బాక్సులు రెండు కావాలి, ఎందుకంటే టేకుల మధ్య ఒకటి ఖాళీ అవడం ఖాయం. ఫోను తెర మీద "అమ్మ" అని రావాలంటే గది బయట ఉన్న సహాయకుడి నంబరును ఆ పేరుతో సేవ్ చేసి నిజంగానే కాల్ చేయించాలి. ఫోన్ నంబరు తెర మీద కనబడకుండా ఫ్రేము పెట్టుకోవడం కూడా ఈ కాగితంలోనే రాసి ఉండాలి.

రెక్కీకి, అంటే లొకేషన్‌ను ముందుగా చూసి రావడానికి, దర్శకుడు, కెమెరా, సౌండ్ ముగ్గురూ వెళ్లాలి. షూటింగ్ ఏ వేళకో అదే వేళకు, వీలైతే అదే వారంలో వెళ్లండి. ఆదివారం ప్రశాంతంగా ఉన్న హాస్టల్ సోమవారం రాత్రి అలా ఉండదు.

- ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడి వినండి: ఫ్యాను, వాటర్ కూలర్, జనరేటర్, గుడి మైకు, బస్సుల హారన్లు
- ప్లగ్ పాయింట్లు ఎన్ని, కరెంటు పోయే వేళలు ఏవి
- కిటికీ ఏ దిక్కున ఉంది, ఎండ ఎప్పుడు లోపలికి వస్తుంది
- కెమెరా వెనక్కి జరిగేందుకు చోటు ఉందా
- నటులు దుస్తులు మార్చుకునే గది, బాత్రూమ్, తాగునీరు

## 5. షాట్ డివిజన్

షాట్లను ముందే గీసుకునే స్టోరీబోర్డు బొమ్మలు అందంగా ఉండనక్కర్లేదు, పుల్లల మనుషులు చాలు. ఎవరు ఎటు చూస్తున్నారో మాత్రం స్పష్టంగా ఉండాలి. మూడో సీనుకు షాట్లు ఇలా ఉండవచ్చు.

1. మాస్టర్: గది మొత్తం, సీను మొదటి నుంచి చివరి దాకా ఒకే టేక్
2. నరేశ్ మిడ్ షాట్ (నడుము నుంచి పైకి)
3. నరేశ్ భుజం మీదుగా ఇమ్రాన్‌కు సజెషన్ షాట్
4. ఇన్సర్ట్ (ఒక వస్తువును దగ్గరగా చూపే షాట్): నేల మీద మోగుతున్న ఫోను
5. ఇన్సర్ట్: స్వీట్ బాక్సు మూత మూస్తున్న చేతులు
6. నరేశ్ క్లోజ్, చివరి మాట పూర్తయ్యాక కూడా పది సెకన్లు

ఇద్దరు పాత్రల మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాను ఆ గీతకు ఒకే పక్కన ఉంచడాన్ని 180 డిగ్రీల నియమం అంటారు. దీన్ని తప్పితే మాట్లాడుకుంటున్న ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనబడుతుంది, ఎడిటింగ్‌లో దానికి సరైన మందు లేదు. అలాగే, ఒకే మనిషిని వరుసగా రెండు షాట్లలో చూపేటప్పుడు కెమెరా కోణం కనీసం 30 డిగ్రీలైనా మారాలి, లేకపోతే అతుకు వేసినట్టు ఉంటుంది.

షాట్ల పక్కన "తప్పనిసరి", "వీలైతే" అని గుర్తు పెట్టండి. సాయంత్రం ఆరింటికి ఇంకా నాలుగు షాట్లు మిగిలినప్పుడు ఏది వదలాలో సెట్లో వాదించుకునే అవసరం ఉండదు.

## 6. షెడ్యూలు, ఖర్చు

పరీక్షల టైంటేబుల్ చూసి వెనక్కి లెక్కపెట్టండి. స్క్రిప్టుకు రెండు వారాలు, ఏర్పాట్లకూ రిహార్సల్‌కూ ఒక వారం, షూటింగ్‌కు శని, ఆదివారాలు, ఎడిటింగ్‌కు రెండు వారాలు అంటే మొత్తం ఐదు వారాల పైచిలుకు.

కొత్త బృందం రోజుకు 15 నుంచి 20 షాట్లు తీయగలిగితే బాగా చేసినట్టే. కెమెరా జాగా మారిన ప్రతిసారీ అరగంట పోతుందని లెక్కవేయండి. షూటింగ్ కథ వరుసలో కాకుండా లొకేషన్ వరుసలో సాగాలి. ఒకే గదిలో ఉన్న సీన్లన్నీ కలిపి, వైడ్ షాట్లు ముందు తీసి, ఒక వైపు లైటింగ్‌తో అయ్యేవన్నీ ముగించాకే రెండో వైపు తిరగండి.

ఖర్చులో మొదటి పద్దు భోజనం, టీ, నీళ్లు. ఆ తరువాత ప్రయాణం, మైకు, హార్డ్ డిస్కు, వస్తువులు. మొత్తం మీద పది శాతం అత్యవసరానికి పక్కన పెట్టండి. డబ్బు తీసుకోకుండా పనిచేసే నటుణ్ని మధ్యాహ్నం మూడింటి దాకా ఆకలితో ఉంచితే రెండో రోజు అతని ఫోను స్విచాఫ్ వస్తుంది.

ముందు రోజు సాయంత్రానికి అందరికీ కాల్ షీటు చేరాలి. ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలి, ఏ సీన్లు, ఏ దుస్తులు, ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉంటే సరిపోతుంది.

## 7. అనుమతులు

కాలేజీ, హాస్టల్ అయితే ప్రిన్సిపాల్ లేదా వార్డెన్ సంతకంతో ఉత్తరం తీసుకోండి. తేదీ, వేళ, మనుషుల సంఖ్య, వాడే పరికరాలు అందులో ఉండాలి. షూటింగ్ రోజు ఆ ఉత్తరం నకలు సెక్యూరిటీ గేటు దగ్గర ఉండాలి, ఎందుకంటే మిమ్మల్ని ఆపేది వార్డెన్ కాదు, వాచ్‌మన్.

రైల్వే స్టేషన్, మెట్రో, దేవాలయాల్లో ముందస్తు అనుమతి లేకుండా తీయకండి. చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ సినిమా తీయడానికి ఆ శాఖ అనుమతి కావాలి. డ్రోన్ విషయంలో 2021 డ్రోన్ నిబంధనలు అనుమతి అవసరాన్ని బట్టి ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆరు నిమిషాల హాస్టల్ కథకు డ్రోన్ షాట్ ఎందుకో ముందు ఆలోచించండి.

నటులందరి నుంచీ సమ్మతి పత్రం తీసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివారైతే తల్లిదండ్రుల సంతకం ఉండాలి.

## 8. రిహార్సల్

మొదటి రోజు కూర్చుని చదవడం, రెండో రోజు లేచి నడుస్తూ చేయడం, మూడో రోజు అసలు గదిలో అసలు వస్తువులతో చేయడం అనే క్రమం పాటించండి. నటుడికి "ఇంకా బాధగా" అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. "ఇమ్రాన్‌కు నీ మొహం కనబడకుండా చూసుకుంటూ మాట్లాడు" అని చేయవలసిన పని చెబితే బాధ దానంతటదే వస్తుంది. మూడో రోజు రిహార్సల్‌ను ఫోనుతో తీసి, ఎడిటర్ చేత గబగబా అతికించి చూడండి. కథలో ఎక్కడ సాగుతోందో డబ్బు ఖర్చు కాకముందే బయటపడుతుంది.

## 9. కెమెరా, లైటు

మంచి ఫోను చాలు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి ఉచిత యాప్‌తో సెట్టింగులన్నీ చేతిలోకి వస్తాయి.

- సెకనుకు 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ లెక్కతో ట్యూబ్‌లైట్లు మిణుకుమిణుకుమనడం తగ్గుతుంది
- ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) లాక్ చేయాలి, హెచ్‌డీఆర్ (వెలుగునీడలను ఫోను తానే సవరించే సెట్టింగు) ఆపాలి
- డిజిటల్ జూమ్ వాడకూడదు, కెమెరానే దగ్గరకు జరపాలి
- ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి, ప్రతి షాట్ ముందు లెన్సు తుడవాలి
- 4కే అయితే ఫోనునూ ఫార్మాట్‌నూ బట్టి నిమిషానికి సుమారు 170 నుంచి 350 ఎంబీ అవసరం, ఖాళీ ముందే చూసుకోవాలి

పగలు కిటికీ వెలుతురును ముఖానికి ఒక పక్కగా వచ్చేలా వాడుకుని, రెండో పక్కన తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుంటే చాలాసార్లు అంతకు మించి అక్కర్లేదు. ఆరుబయట సీన్లను ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తరువాత పెట్టుకోండి. నడినెత్తి ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. రాత్రి సీనులో నెత్తి మీది ట్యూబ్‌లైటు ఆర్పి, టేబుల్ ల్యాంపు ఒకటి పక్క నుంచి పెడితే గదికి లోతు వస్తుంది. పసుపు బల్బు, తెల్ల ఎల్‌ఈడీ కలిసి వెలిగితే ముఖం రెండు రంగుల్లో కనబడుతుంది కాబట్టి ఒకటే రకం వాడండి.

## 10. సౌండ్

కెమెరాకు పెట్టే డబ్బులో సగమైనా దీనికి పెట్టండి. మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. అతి తక్కువ ఖర్చు పద్ధతి ఏమిటంటే, వైరు కాలర్ మైకును రెండో ఫోనుకు తగిలించి, ఆ ఫోనును నటుడి జేబులో పెట్టి రికార్డు చేయడం. ఫార్మాట్ వేవ్ (WAV), 48 కిలోహెర్ట్జ్ ఉండేలా చూడండి. మామూలు మాట దగ్గర మీటరు మైనస్ 12 డెసిబెల్ ప్రాంతంలో ఆడాలి, అరుపు వచ్చినా సున్నాను తాకకూడదు.

మైకు చొక్కా లోపల పెడితే బట్ట రాపిడి వినబడుతుంది. వైరును మైకు కింద ఒక చిన్న మెలిక తిప్పి, మెడికల్ టేపుతో చర్మానికో బట్టకో గట్టిగా అంటించండి. సౌండ్ చూసేవారు టేకు నడుస్తున్నంతసేపూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే వీలు లేకపోతే, ప్రతి షాట్ మొదటి టేకు తరువాత రికార్డింగును వెనక్కి తిప్పి వినాలి.

ఫ్యాను, కూలర్, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టండి, ఇంటికి వెళ్లే ముందు ఆన్ చేయడం ఎవరూ మరచిపోరు. కిటికీలకు దుప్పట్లు, మంచాల మీద పరుపులు ఉంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి 30 సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. మాటల మధ్య అతుకులు కప్పడానికి ఎడిటర్‌కు అది తప్పనిసరి. ఏదైనా మాట మీద హారన్ పడితే, కెమెరా లేకుండా ఆ మాటను అక్కడే, అదే ఊపులో మళ్లీ రికార్డు చేయండి. డబ్బింగ్ తరువాత చేద్దామని వదిలేస్తే, అనుభవం లేని నటుడు పెదవులకు మాట కలపలేక ఇబ్బంది పడతాడు, భావం పోతుంది.

## 11. సెట్లో ప్రతి టేకుకూ ఒకే వరుస

1. సహాయకుడు "సైలెన్స్" అంటాడు
2. సౌండ్ మొదలవుతుంది, "రన్నింగ్" అని చెబుతారు
3. కెమెరా మొదలవుతుంది
4. సీను, షాట్, టేక్ నంబర్లు చదివి క్లాప్ కొడతారు, చప్పట్లైనా సరే
5. మూడు సెకన్లు ఆగి దర్శకుడు "యాక్షన్" అంటాడు
6. సీను అయ్యాక ఐదు సెకన్లు ఆగి "కట్" అంటాడు, ఇంకెవ్వరూ కట్ చెప్పకూడదు
7. కంటిన్యుటీ చూసేవారు ఓకే, ఎన్‌జీ (నాట్ గుడ్, అంటే పనికిరాదు) అని కారణంతో సహా రాసుకుంటారు

ప్రతి సీను చివర నటుల చొక్కా గుండీలు, వాచీ ఏ చేతికి ఉంది, స్వీట్ బాక్సు ఎక్కడ ఉంది అన్నవి ఫొటో తీయండి. ఓకే అయిన షాట్లకు కూడా ఇంకో టేకు తీసి ఉంచండి.

## 12. డేటా భద్రత

భోజన విరామంలో ఒకసారి, రాత్రి ఒకసారి ఫుటేజీని రెండు వేర్వేరు చోట్లకు కాపీ చేయాలి. ఫైళ్లు కొన్నింటిని తెరిచి చివరి దాకా ఆడుతున్నాయో లేదో చూశాకే ఫోనులోంచి తీసేయాలి. రెండు డిస్కులు ఒకే బ్యాగులో పెట్టి ఒకే బస్సులో తీసుకెళ్లడం భద్రత కాదు. ఫోల్డర్లకు తేదీ, సీను నంబరు పేరుగా పెట్టండి.

## 13. ఎడిటింగ్

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ విద్యార్థుల అవసరాలన్నీ తీరుస్తుంది. ఫోను ఫుటేజీలో ఫ్రేముల వేగం ఎగుడుదిగుడుగా ఉంటే కొంతసేపటికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. అలాంటప్పుడు ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకోండి.

క్లాప్ చప్పుడుతో సౌండ్ కలపడం, కథ వరుసలో అన్నీ పేర్చడం, రఫ్ కట్ (మొదటి ముడి కూర్పు), ఫైన్ కట్ (సానబెట్టిన కూర్పు), ఆపైన బొమ్మకు తాళం (ఇక షాట్లు మార్చకపోవడం) అనే క్రమం తప్పకూడదు. సంగీతం లేకుండానే రఫ్ కట్ చూడండి. పాట వేస్తే బలహీనమైన సీను కూడా బాగున్నట్టు భ్రమ కలుగుతుంది. కథ తెలియని ముగ్గురికి చూపించి, "బాగుందా" అని కాకుండా "ఏం జరిగిందో చెప్పండి" అని అడగండి. వారు తడబడిన చోటే మీ పని ఉంది. మొదటి ముప్పై సెకన్లలో కథ మొదలుకాకపోతే ముందుభాగం కోయండి. కళాశాల భవనం, ఉదయపు ఆకాశం, అలారం మోత తరచూ మొదట పోవలసిన షాట్లు.

## 14. సంగీతం, హక్కులు

సినిమా పాటను ఐదు సెకన్లు వాడుకుంటే ఫరవాలేదన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. 1957 కాపీరైట్ చట్టం కింద రచన, స్వరరచనలకు కర్త మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు, సౌండ్ రికార్డింగుకు ప్రచురణ తరువాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. త్యాగరాజ కీర్తనను మీ మిత్రురాలి చేత పాడించి వాడుకోవచ్చు, ఇటీవల ఒక గాయని పాడిన రికార్డింగు వాడుకోకూడదు. కాలేజీలో వేణువో గిటారో వాయించేవారిని పట్టుకుని రాతపూర్వక అనుమతితో కొత్తగా చేయించడం అన్నింటికంటే మేలు. చిత్రీకరణ సమయంలో నేపథ్యంలో ఎవరో పెట్టిన సినిమా పాట వినబడినా ఇబ్బందే.

## 15. టైటిల్స్, సబ్‌టైటిల్స్, ఫైనల్ కాపీ

కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు, గుణింతాలు విడిపోయి కనబడతాయి. అలా అయితే టైటిల్‌ను వేరే ప్రోగ్రాములో రాసి, పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. పేర్ల స్పెల్లింగు ఎవరికి వారే చూసి సరే అన్నాకే ముగించండి.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రెండు వరుసలు మించకుండా, వరుసకు 42 అక్షరాల లోపు ఉండేలా చూసి ఎస్‌ఆర్‌టీ ఫైలుగా (మాటలు, అవి తెర మీదికి వచ్చే సమయాలు మాత్రమే ఉండే విడి ఫైలు) ఉంచండి. ఫైనల్ కాపీని హెచ్.264 (దాదాపు అన్ని పరికరాల్లో ఆడే వీడియో ఫార్మాట్), 25 ఫ్రేములతో తీసి ఫోను స్పీకర్‌లో, ఇయర్‌ఫోన్‌లో, టీవీలో మూడుసార్లు వినండి. ఫోను స్పీకర్‌లో మాట అర్థం కాకపోతే సంగీతం తగ్గించాలి.

## 16. విడుదలకు ముందు

కొన్ని చిత్రోత్సవాలు ఇంటర్నెట్‌లో అప్పటికే పెట్టిన చిత్రాలను తీసుకోవు. చిత్రం పూర్తయిందన్న ఉత్సాహంతో ఎడిటింగ్ ముగిసిన రాత్రే యూట్యూబ్‌లో పెట్టేయకుండా, ముందు పాస్‌వర్డ్ లింకు సిద్ధం చేసుకుని నిబంధనలు చదవండి. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నిర్వహించే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవం, ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం వంటివి షార్ట్ ఫిల్మ్‌లకు ఉద్దేశించినవే. చాలా ఉత్సవాలకు ఫిల్మ్‌ఫ్రీవే అనే వెబ్‌సైటు ద్వారా పంపవచ్చు. ప్రవేశ రుసుము చూసి, మీ చిత్రం నిడివికీ స్వభావానికీ సరిపోయే నాలుగైదింటినే ఎంచుకోండి.

పంపడానికి ముందు ఒక ఫోల్డర్‌లో ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

- ఫైనల్ కాపీ, సబ్‌టైటిల్స్ లేనిది ఒకటి, ఉన్నది ఒకటి
- విడి ఎస్‌ఆర్‌టీ ఫైలు
- పోస్టరు, మూడు నాలుగు స్టిల్స్ (ఫుటేజీలోంచి కోసినవి కాకుండా సెట్లో ప్రత్యేకంగా తీసినవి)
- యాభై పదాల కథాసారం, దర్శకుడి పరిచయం
- నటుల సమ్మతి పత్రాలు, లొకేషన్ ఉత్తరం, సంగీతానికి అనుమతి
- బృందం సంతకాలున్న ఒప్పందం